ఎడమ పురి తాడు

కాంచనశాలి పొలాల్లో పిట్ట లేదు.

కొడవలి పట్టుకుని మడిలో దిగినప్పటి నుంచి యువరాజు ఇంద్రనీలుణ్ణి తొలుస్తున్న సంగతి అదే. తూర్పు కొండల భుజాల మీద సూర్యుడు కుంకుమరంగు శాలువా కప్పుతున్నాడు. ఆ వెలుగులో వరి మడులు కరిగిన బంగారం పోసిన పళ్ళేల్లా మెరుస్తున్నాయి. ఒక్కొక్క కంకి ఏనుగు తొండంలా బరువుగా వంగి నేలను తాకుతోంది. గాలి వీస్తే చాలు, వెయ్యిమంది నర్తకులు ఒక్కసారి అందెలు కదిపినట్టు పొలమంతా గలగలమంటోంది. కళ్ళు చెదిరే పంట. కానీ ఆ పంట మీద ఒక్క పిచ్చుక వాలలేదు, ఒక్క చిలుక అరవలేదు. గట్ల మీద పీతల బొరియలు లేవు. కాలవలో కప్ప లేదు. ఎలుకల్ని పట్టడానికి పెట్టే బుట్టలు ఎక్కడా కనిపించలేదు. ఇంత తిండి పరిచి పిలిచినా పక్షి రాని విందు ఎటువంటిదో అతనికి అంతుపట్టలేదు.

"అల్లుడూ, ఈ నీళ్ళు చూశావా?" పక్క వరసలో కోస్తున్న దుగ్గమ్మ తల ఎత్తకుండానే అంది. "పురుగు లేదు. దోమ కూడా లేదు."

"మెల్లగా అత్తా. గట్టు మీద భటుడు వింటున్నాడు."

అల్లుడూ లేదు, అత్తా లేదు. దుగ్గమ్మ అతనికి పాలిచ్చి పెంచిన దాది. కట్టుకున్న ముతక పంచె, తలకు చుట్టిన మాసిన పాగా, గంగులు అనే పేరు, వరుణావతి నుంచి వచ్చిన కోత ముఠాలో కూలివాడినన్న మాట, అన్నీ వేషమే. నాలుగు రోజులుగా ఆ వేషంలోనే అతను తింటున్నాడు, పడుకుంటున్నాడు, పక్కవాళ్ళ తిట్లు పడుతున్నాడు.

ఎందుకంటే ఆ మధ్యాహ్నం అతని రాజ్యం ఉంటుందో ఊడుతుందో తేలిపోతుంది.

నది చుట్టూ ఉన్న నాలుగు రాజ్యాలు, శ్యామలగిరి, మధూకపురం, వరుణావతి, కాంచనశాలి, ఒకప్పుడు కూటమి కట్టాయి. సరిహద్దుల్లో సుంకాలు తీసేశారు. నలుగురికీ ఒకే సంత, ఒకే కుంచం. అంతవరకూ అందరూ సంతోషించారు. తర్వాత కాంచనశాలి మంత్రులు కొత్త నియమం ఒకటి తెచ్చారు. ఏ నేల ఎక్కువ పండిస్తుందో ఆ నేలే పండించాలి, మిగిలినవాళ్ళు అక్కడ కొనుక్కు తినాలి, వృథా శ్రమ ఎందుకు అన్నారు. వినడానికి ఎంతో తెలివైన మాట. అందరూ తలూపారు. ప్రతి రాజ్యం ఒకే కొలతలో సాక్షి మడి ఒకటి వదలాలి. అందులో ఒకే విత్తనం, ఒకే తూకం చల్లాలి. కోత రోజున నాలుగు రాజ్యాల దూతలు కళ్ళంలో కూర్చుని ధాన్యం కొలిపిస్తారు. ఒక రాజ్యంలో పండినదానికి రెట్టింపు ఇంకో రాజ్యంలో పండితే, తక్కువ పండించిన రాజ్యం కాడి దించాలి. అంటే అక్కడి నాగళ్ళు అటకెక్కుతాయి, మాగాణి గెలిచినవాళ్ళ చేతికి పోతుంది, వయసులో ఉన్న సేద్యగాళ్ళు అందరూ నది దాటి వాళ్ళ పొలాల్లో పనికి వెళ్ళాలి.

మూడేళ్ళ కిందట మధూకపురం కాడి దించింది. ఆ రోజు రేవులో దూతలు ఒక్కొక్క కుర్రవాడి భుజం మీదా కాడి గుర్తు వాత పెట్టి పడవ ఎక్కించారు. గట్టున తల్లులు అటుకుల మూటలు విసిరారు. సగం మూటలు నీళ్ళలో పడ్డాయి. పడవ మలుపు తిరిగి కనుమరుగైనా ఎవరూ ఇంటికి కదల్లేదు. ఆ గుంపులో దుగ్గమ్మ కూడా ఉంది. ఆవిడ పుట్టిల్లు మధూకపురం. పడవలో వెళ్ళినవాడు అక్కడ తాత దగ్గర సేద్యం చేస్తున్న ఆవిడ ఒక్కగానొక్క కొడుకు సింగన్న, ఇరవై నిండనివాడు. వెళ్ళినవాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదు, ఒక్కరి కబురూ రాలేదు.

వరుణావతి కొలత ఈ ఏడు బాగానే వచ్చింది, రెట్టింపు భయం దానికి లేదు. శ్యామలగిరి సాక్షి మడి కొలత కిందటి పక్షంలోనే అయిపోయింది. ఇక మిగిలింది కాంచనశాలి కొలత ఒక్కటే. అది నేడు, సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు. ఆ కొలత రెట్టింపు దాటితే మరో రేవులో మరికొన్ని పడవలు కదులుతాయి. అందుకే ఇంద్రనీలుడు వచ్చాడు. ఈ పంటలో ఏదో మాయ ఉంది, దాన్ని దూతల కళ్ళ ముందు పెట్టాలి. నాలుగు రోజులు వెతికినా చేతికి దొరికింది అనుమానం ఒక్కటే.

"ఏమే దుగ్గమ్మా, ఆ కట్టేమిటే అలా కట్టావు?" ముఠాలో నూకాలు అనే నోటి దురుసు మనిషి పెద్దగా నవ్వింది. "అందరూ కుడికి పేనితే నువ్వు ఎడమకి పేనుతావేం? మీ ఆయన్ని కూడా ఇలాగే ఎడంపక్క కూర్చోబెట్టి పెళ్ళాడావా?"

"మా అయ్య నేర్పాడు. నా కట్టు ఊడితే అప్పుడు మాట్లాడు."

"ఊడదులే. నీ నోరే ఊడదు, కట్టేం ఊడుతుంది."

ముఠా అంతా నవ్వింది. అంతలో గట్టు మీది భటుడు పనలు కట్టుకోవడానికి గడ్డితాళ్ళ మోపు ఒకటి తెచ్చి పడేశాడు. దుగ్గమ్మ వంగి ఒక తాడు తీసింది. తీసిన చేయి అలాగే ఆగిపోయింది. ఆ తాడును వేళ్ళ మధ్య తిప్పి చూసింది, వాసన చూసింది. తర్వాత ఎవరూ చూడటం లేదనుకుని నడుం దగ్గర చెంగులో దోపేసింది.

ఇంద్రనీలుడు చూశాడు.

కాసేపటికి ఆవిడ మంచినీళ్ళ వంకతో గట్టెక్కింది. భటుడితో ఏదో మాట్లాడింది. భటుడు చెయ్యెత్తి కళ్ళం వైపు చూపించాడు. ఆవిడ తల ఊపి అటు వెళ్ళిపోయింది, వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంద్రనీలుడి గుండెలో ముల్లు గుచ్చుకుంది. నాలుగు రోజుల నుంచీ ప్రతి అడుగూ ఆవిడకి తెలుసు. తను ఎవరో తెలిసిన మనిషి ఈ దేశంలో ఆవిడ ఒక్కతే. కొడుకుని తిరిగిస్తామని ఎవరైనా ఆశ పెడితే, ఏ తల్లి మాత్రం ఊరుకుంటుంది? పాలిచ్చిన మనిషి మీద ఇలాంటి ఆలోచన రావడం తప్పని తెలుసు. అయినా ఆలోచన వచ్చి కూర్చుంది, లేచి పోలేదు.

పొద్దు బారెడెక్కేసరికి కూలి పిలుపు వచ్చింది.

కళ్ళం చూస్తే సభా మండపంలా ఉంది. పేడతో అలికి, ముగ్గులు పెట్టి, చుట్టూ మామిడాకుల తోరణాలు కట్టారు. ఒక పక్క కొండంత గడ్డివాములు. నడుమ బంతి కట్టిన ఎద్దులు గుండ్రంగా తిరుగుతూ గింజ తొక్కుతున్నాయి. దూతల కోసం వేసిన నాలుగు ఆసనాలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఆ పక్కన నల్ల పట్టు గొడుగు కింద ధాన్యాధికారి కుహూభద్రుడు కూర్చున్నాడు. బక్కపలచని మనిషి. గింజలో పురుగులా తెల్లని ఒళ్ళు. కాంచనశాలి రాజుకి అన్నం పెడుతున్నది తనే అన్న ధీమా కళ్ళలో కనిపిస్తోంది. అతను మాంత్రికుడని చాటున అందరూ అంటారు, ఎదుట ఎవరూ అనరు.

"ఎవరి కూలి వాళ్ళే కొలుచుకోండి," అన్నాడతను తీయగా. "మా దగ్గర దాపరికం లేదు. మీ చేత్తో కొలుచుకుంటే మీకూ అనుమానం ఉండదు."

కూలివాళ్ళు మురిసిపోయారు. ఒక్కొక్కరే వచ్చి కుంచం నింపి, గట్టిగా లెక్క పెట్టుకుంటూ గోతాల్లో పోసుకుంటున్నారు. కుహూభద్రుడు కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఆ మనిషి చూడటం మానేసి ఎందుకు వింటున్నాడో ఇంద్రనీలుడికి తట్టలేదు. అతని మనసంతా దుగ్గమ్మ ఎటు పోయిందన్న దాని మీదే ఉంది.

అతని వంతు వచ్చింది. నడక మార్చుకున్నాడు, యాస మార్చుకున్నాడు, చేతులకు కాయలు కాచేదాకా కొడవలి పట్టాడు. కుంచం రాశిలో ముంచి, అరచేత్తో పైన సమంగా తుడిచి, గోతంలోకి వంచాడు.

"లాభం," అన్నాడు.

ఆ మాట నోరు దాటాక గాని అతనికి తెలియలేదు. శ్యామలగిరిలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఎవరూ ఒకటి అనరు. లాభం అంటారు, ఆ తర్వాతే రెండు, మూడు. ప్రతి ఏటా తొలి రాశిని యువరాజు తన చేత్తో కొలవడం అక్కడి ఆచారం. చిన్నప్పుడు తాతగారి ఒళ్ళో కూర్చుని కొలిచిన నాటి నుంచీ అతని నోటికి అదే అలవాటు. వరుణావతిలో ఒకటి అంటారు. కాంచనశాలిలోనూ ఒకటే అంటారు.

కుహూభద్రుడు కళ్ళు తెరిచాడు.

"రెండో కుంచం పోయవేం నాయనా?" అన్నాడు. "శ్యామలగిరివాళ్ళు కొలతలో తడబడరని విన్నాను. పాగా తీయండిరా వాడిది."

భటుడు చెయ్యి చాచేలోపు కుంచం వాడి ముక్కు మీద పడింది. ఇంద్రనీలుడు ఒక్క గెంతులో ఎద్దుల మధ్యకు దూకాడు. నడుమున ఉన్న కొడవలి లాగి బంతి తాడు తెగ్గోశాడు. అప్పటిదాకా గానుగలా తిరుగుతున్న ఎద్దులు బెదిరి తలా ఒక దిక్కుకి పరుగెత్తాయి. ముగ్గులు చెరిగాయి, తోరణాలు కొమ్ములకి చుట్టుకున్నాయి. ఖాళీ ఆసనాల్లో రెండు పల్టీ కొట్టాయి. నూకాలు కుంచం నెత్తిన బోర్లించుకుని, "వీడు గంగులు కాదర్రా, మీసాలున్న మహంకాళి," అని అరుస్తూ వాము చాటుకు దూరింది. ఆవిడ అడ్డం రావడంతో ఇద్దరు భటులు బోర్లా పడ్డారు. కావాలని వచ్చిందో, కంగారులో వచ్చిందో ఆవిడకే తెలియాలి.

ఇంద్రనీలుడు గడ్డివాముల సందుల్లో పడి పరుగెత్తాడు. వెనక కుహూభద్రుడి గొంతు వినిపించింది. కేక కాదు, జోలపాటలా సన్నగా సాగే మంత్రం. అది చెవిన పడగానే వాములకు కట్టిన గడ్డితాళ్ళన్నీ కదిలాయి. మెలి మీద మెలి బిగించుకుని, తలలు ఎత్తి, పసుపుపచ్చని పాములై నేల మీదికి జారాయి. ఒకటి అతని మోచేతికి చుట్టుకుంది. ఒకటి మెడ దగ్గర బుసకొట్టింది. కొడవలితో ఒకదాన్ని నరికితే రెండై లేచాయి. ఇంకొకటి చీలమండకు చుట్టుకుని లాగింది. అతను మోకాళ్ళ మీద పడ్డాడు. పామును చేత్తో పట్టుకుని పీకబోయాడు.

అది అతని చేతిలోనే విడిపోయింది. బుస లేదు, కోర లేదు, ఉత్త గడ్డి.

అతను తెల్లబోయి చూశాడు. చుట్టూ మిగిలిన తాళ్ళన్నీ మంత్రానికి కుడి వైపు మెలి బిగించుకుంటున్నాయి. ఇది మాత్రం అదే మంత్రానికి మెలి వీడి పోచలు పోచలైంది. ఎడమ పురి తాడు. దుగ్గమ్మ చెంగులో దోపుకున్నదాని లాంటిదే.

మంత్రం కుడి పురికే పనిచేస్తుందని అప్పుడు తోచింది. మోచేతికి చుట్టుకున్నదాన్ని బలంగా ఎడమకు తిప్పాడు. అదీ విడిపోయింది. మెడ దగ్గరిదాన్నీ అలాగే తిప్పి దులుపుకుని లేచాడు. ఎదురుగా, పెద్ద వాము వెనక, నేలలో ధాన్యం దాచే పాతర ఒకటి ఉంది. దాని రాతి మూత కొంచెం పక్కకి జరిగి ఉంది. మూత అంచున ఎర్ర నూలు చీర పీలిక చిక్కుకుని గాలికి ఆడుతోంది. దుగ్గమ్మ చీరది.

ఇది ఆశ్రయమా, ఉచ్చా అని ఆలోచించే తీరిక లేదు. అతను లోపలికి జారి, మూత యథాస్థానానికి లాగాడు. భటుల అడుగులు మీద నుంచి దడదడమంటూ దాటిపోయాయి.

లోపల ధాన్యం లేదు. గోడల చుట్టూ వేసిన గడ్డి వెంటి, ఆ లావుపాటి తాడు పట్టుకుని దిగితే అడుగున మెత్తటి పొట్టు తగిలింది. మూత సందులోంచి పడే వెలుతురులో ఒక ఆకారం కదిలింది. అతను కొడవలి ఎత్తాడు.

"కొట్టు బాబూ, కొట్టు," అంది దుగ్గమ్మ నీరసంగా. "నా వెనకాలే వచ్చావంటే నన్ను నమ్మలేదన్న మాటే."

"ఆ భటుడితో ఏం మాట్లాడావు?"

"తాళ్ళు చాల్లేదు, ఇంకో మోపు ఎక్కడ దొరుకుతుందని అడిగాను. ఈ పాతరలోంచి పైకి వస్తాయన్నాడు. చూడు." ఆవిడ చెంగులోంచి తాడు తీసి అతని చేతిలో పెట్టింది. "ఎడమ పురి. మూడు పోచలకొక చిక్కు. మా అయ్య నాకు నేర్పాడు, నేను నా కొడుక్కి నేర్పాను. ఇలా పేనేవాళ్ళు ఈ నది చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. నీతో చెబితే, ముందు రాజ్యం పని చూద్దాం అంటావని భయం వేసింది. అందుకే చెప్పలేదు."

ఇంద్రనీలుడు కొడవలి దించాడు. ఆవిడ అన్నది నిజమే. చెప్పి ఉంటే అలాగే అనేవాడు.

పాతర గోడలో మనిషి వంగి పట్టేంత సొరంగం ఉంది. ఇద్దరూ అందులో పాకారు. కొంత దూరం వెళ్ళేసరికి అది పొడవాటి చావడిలా విశాలమైంది. గోడల్లో అక్కడక్కడ మెరిసే రాళ్ళు పాలిపోయిన వెలుగు చిమ్ముతున్నాయి. పైకప్పు నిండా తెల్లని వేళ్ళు వేలాడుతున్నాయి, జుట్టు విరబోసుకున్నట్టు. వరి వేళ్ళు. జానెడు లోతు కూడా దిగని వరి వేళ్ళు ఇంత కిందికి ఎలా వచ్చాయో, ఎవరి కోసం వచ్చాయో చూడగానే తెలిసిపోయింది. ప్రతి వేళ్ళ కుచ్చు కిందా ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి మణికట్టు దాకా ఆ వేళ్ళలో దిగిపోయింది. కుడి చెయ్యి ఖాళీగా ఉంది. కొందరు నిద్రలో ఉన్నట్టు ఉన్నారు. కొందరు గడ్డిపోచల కొస కాలివేళ్ళతో పట్టుకుని, ఒంటి చేత్తో తాళ్ళు పేనుతున్నారు.

అందరూ ముసలివాళ్ళే. దవడలు పీక్కుపోయి, కనుబొమలు నెరిసి, ఒళ్ళంతా ముడతలు పడినవాళ్ళు.

దుగ్గమ్మ ఒక్కొక్క చేతినే చూస్తూ నడిచింది. ముఖాలు చూడలేదు. చావడి మధ్యలో ఒక ముసలివాడి ముందు ఆగింది. వాడి వేళ్ళ మధ్య తాడు ఎడమకు తిరుగుతోంది.

"బాబాయ్," అంది ఆవిడ గౌరవంగా. "ఈ పేనడం మీకు ఎవరు నేర్పారు? సింగన్న అనే కుర్రవాడా? వాడెక్కడున్నాడో కాస్త చెప్పండి బాబాయ్, మీకు పుణ్యముంటుంది. చామనచాయగా, ఉంగరాల జుట్టుతో ఉంటాడు."

ముసలివాడు తలెత్తాడు. చాలాసేపు చూశాడు. 

"నేనేనే అమ్మా," అన్నాడు.

దుగ్గమ్మ ఇంకాస్త దగ్గరికి వంగింది. తర్వాత వాడి భుజం మీది గుడ్డ తొలగించింది. కాడి గుర్తు వాత అక్కడే ఉంది. మూడేళ్ళ కిందట దూతలు పెట్టినది. ఆవిడ వాడి నెరిసిన జుట్టులో వేళ్ళు పెట్టి దువ్వింది. ఆ జుట్టులో ఇంకా ఒకటి రెండు ఉంగరాలు మిగిలే ఉన్నాయి.

"అన్నం తిన్నావా నాయనా?" అంది.

ఇంద్రనీలుడు ముఖం తిప్పుకున్నాడు.

సింగన్న సంగతంతా మెల్లగా, రొప్పుతూ చెప్పాడు. ఈ నేల సత్తువ ఎప్పుడో అయిపోయింది. కుహూభద్రుడు దీనికి మనుషుల ఆయుష్షు ఎరువుగా వేస్తున్నాడు. వయసులో ఉన్నవాడి చెయ్యి వేళ్ళలో పెడితే వాడి ఏళ్ళు పైరులోకి పాకుతాయి. అందుకే ఈ పంటను పిట్ట కూడా ముట్టదు. పైన విత్తనం కొలుస్తారు, నేల కొలుస్తారు, గింజ కొలుస్తారు. కింద ఎందరున్నారో ఏ దూతా కొలవడు. మధూకపురం వాళ్ళు అయిపోవచ్చారు. అందుకే ఇప్పుడు శ్యామలగిరి కావాల్సి వచ్చింది.

"చెయ్యి తీసెయ్యి," అన్నాడు ఇంద్రనీలుడు. "నా భుజాల మీద మోసుకుపోతాను. నీ వాత, నీ ఒళ్ళు చూస్తే దూతలకి ఇంకే సాక్ష్యం అక్కర్లేదు."

"తియ్యకూడదు దొరా. ఈ వేళ్ళు ఖాళీ అయితే వాటిని చివరిగా పట్టుకున్నవాడు అక్కడికక్కడే బూడిదైపోతాడు. ఇద్దరు చేసి చూశారు." సింగన్న పక్కనున్న రెండు ఖాళీ జాగాల వైపు చూశాడు. "ఇంకొకరి చెయ్యి పెడితేనే నా చెయ్యి ఊడుతుంది. పైగా ఇది మామూలు మడి కాదు. ఇది సాక్షి మడి వేరు. పొద్దున్నే కోసేశారు గాని, కుంచంలో పడి కొలత ముగిసేదాకా గింజలో బలం నా చేతిలోంచే నడవాలి."

పైన ఎక్కడో శంఖం ఊదారు. దూతలు కళ్ళంలోకి వస్తున్నారు.

ఇంద్రనీలుడు ఎడమ చెయ్యి ముందుకు చాచాడు. "లే సింగన్నా. నేను కూర్చుంటాను."

"నువ్వు కూర్చుంటే ఏమవుతుంది బాబూ?" దుగ్గమ్మ అతని మణికట్టు పట్టుకుంది. "ఇరవై రెండేళ్ళ ఒంట్లో బలమంతా ఆ గింజలోకి పోతుంది. వాళ్ళ రాశి ఇంకా పెరుగుతుంది. మీ అమ్మగారి రాజ్యాన్ని నీ చేత్తోనే ఓడించి, నువ్వు ఇక్కడే ముసలాడివైపోతావు. నా కొడుకు ఒంటరిగా ఆ పాతర ఎక్కలేడు కూడాను."

"మరి ఏం చెయ్యమంటావు?"

ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుని కొడుకు పక్కన చతికిలబడింది, వంటింట్లో పీట మీద కూర్చున్నట్టు. ఎడమ చెయ్యి ఎత్తి వేళ్ళలోకి దూర్చేసింది. ఇంద్రనీలుడు లాగబోయేలోపే సింగన్న చెయ్యి జారి ఒళ్ళో పడింది, ఎండిన కర్రలా.

"నా దగ్గరేముంది పీల్చడానికి?" అంది దుగ్గమ్మ. "మహా అయితే ఒక చలికాలం. ఈ నేల ఈ పూట పస్తు పడుకుంటుంది."

"అమ్మా, వద్దే."

"నోరు మూసుకుని లే. మూడేళ్ళు నువ్వు పట్టుకున్నావు. ఒక్క పూట నేను పట్టుకోలేనా?" ఖాళీ చేత్తో ఆవిడ నేల మీది తాడు ముక్క తీసి కొడుకు మణికట్టుకి చుట్టి, పంటితో లాగి ముడి వేసింది. "బాబూ, వీణ్ణి పడేయకు. చిన్నప్పుడు నిన్ను ఒక చంకనా వీణ్ణి ఒక చంకనా ఎత్తుకునేదాన్ని. ఆ మాత్రం బరువు నువ్వు మోయలేవా?"

"కొలత అవగానే వస్తాను. తీసుకుపోతాను నిన్ను," అన్నాడు ఇంద్రనీలుడు.

"రా. వచ్చినప్పుడు చూద్దాం," అంది దుగ్గమ్మ.

అతను సింగన్నను వీపున కట్టుకుని సొరంగంలో పాకాడు. ఎముకల గూడులా ఉన్నాడు, బరువే లేడు. పాతర అడుగుకి చేరేసరికి మీద నుంచి కొలిచేవాడి గొంతు స్పష్టంగా వినిపించింది.

"ఒకటి."

జనం హోరెత్తారు. ఇంద్రనీలుడు వెంటి పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. గడ్డి అరచేతులు కోస్తోంది.

"రెండు. మూడు."

హోరు తగ్గింది. నాలుగు అన్నవాడి గొంతులో ఏదో సందేహం ఉంది. ఎవరో "మళ్ళీ ముంచు" అన్నారు. ఆ తర్వాత గాలి వీచింది. మూత సందులోంచి తేలికపాటి పొట్టు లోపలికి రాలడం మొదలైంది. ముందు కొంచెం, తర్వాత దండిగా. ఇంద్రనీలుడు ఒకటి నోటితో పట్టి కొరికాడు. లోపల గింజ లేదు. తాలు. కళ్ళంలో రాశి రాశంతా తాలై గాలికి లేచిపోతోంది.

"దుగ్గమ్మా," అని వెనక్కి పిలిచాడు. "కొలత ఆగిపోయింది."

సొరంగంలోంచి బదులు రాలేదు.

మీద గందరగోళం. దూతలు కేకలు వేస్తున్నారు. వాటి మధ్య ఒక్క గొంతు మాత్రం తొణక్కుండా, తీయగా వినిపించింది.

"సాక్షి వేరు దగ్గరికి ఎవరో చేరారు. ఆ చివర దారిలోంచి దివిటీలతో దిగండి. ఈ చివర పాతరకి పొగ పెట్టండి."

కింద, సొరంగం అటు కొసన, ఎర్రని వెలుగు మిణుకుమంది. ఆ వెలుగు దుగ్గమ్మ కూర్చున్న వైపే కదులుతోంది. ఇంద్రనీలుడి కాళ్ళు వెంటి మీద ఆగిపోయాయి. దిగితే వీపు మీది సాక్ష్యం పోతుంది, వాళ్ళు ఇంకెవరి చెయ్యో పెట్టి మళ్ళీ కొలిపిస్తారు, శ్యామలగిరి రేవులో పడవలు కదులుతాయి. ఎక్కితే ఆవిడ ఒంటరిగా మిగులుతుంది.

"దొరా," అన్నాడు సింగన్న అతని చెవి దగ్గర, ముసలి గొంతుతో పసివాడిలా. "అమ్మ వస్తోందా?"

"వెనకే వస్తోంది," అన్నాడు ఇంద్రనీలుడు.

అని, కళ్ళు మూసుకుని, భుజం ఆనించి రాతి మూతను బలమంతా పెట్టి పైకి నెట్టాడు. అది జానెడు లేచింది. మళ్ళీ దిగిపోయింది.

మూత మీద ఎవరో నిలబడి ఉన్నారు.